జరీ లేసు కట్టిన కేకు

మా ఇంట్లో మైక్రోవేవ్ ఉంది. అందులో ఉల్లిగడ్డలు పెట్టుకుంటాం. వచ్చినవాళ్లు చూసి నవ్వుతారు, నవ్వనీ. బాగు చేయించమని కొందరు, పాత సామాన్లవాడికి వేసెయ్యమని కొందరు సలహా ఇస్తారు. సలహాలకు ఈ సూరత్‌లో ఎప్పుడూ కొదవలేదు. ఒకప్పుడు నేనూ బాపుతో అదే అనేదాన్ని. బాపు వినేవాడు కాదు. నిజంగానే వినబడదు ఆయనకు. నలభై ఏళ్లు సాంచాల మధ్య, మరమగ్గాల మోతలో, నిలబడి బట్ట నేసి చెవులు పోగొట్టుకున్న మనిషి.

ఆ మైక్రోవేవ్ లోపల కుడివైపు గోడ మీద అరచేతి వెడల్పున ఒక నల్లటి మచ్చ ఉంది. సబ్బుతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను, పోలేదు. అమ్మ చనిపోవడానికి వారం ముందు పడిన మచ్చ అది. ఆ రోజు నేను బాపును ఒక మాట అన్నాను. మనిషన్నవాడు కన్నతండ్రిని అనకూడని మాట. ఆయనకు వినబడదు కదా అన్న ధీమాతో అన్నాను. వినబడలేదనే మూడేళ్లు నమ్ముకుని బతికాను.

నా నోరు మంచిది కాదు. "దీని నోట్లె కత్తెర వెట్టి కన్న" అనేది అమ్మ. ఇక్కడి తెలుగు మీడియం బడిలోనే చదివి ఇప్పుడు అలాంటి బడిలోనే పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను. పిల్లలు నన్ను చూస్తే జడుస్తారు. నా పెళ్లి సంగతి ఇక్కడ అనవసరం, అడగకండి. డిండోలిలో ఒక గది, ఒక వంటిల్లు, రెంటికీ మధ్య తలుపు లేని గుమ్మం. ఆ ఇంట్లో అప్పుడు ముగ్గురం, ఇప్పుడు ఇద్దరం.

మైక్రోవేవ్ మా ఇంటికి వచ్చినప్పుడు నేను పదో తరగతి. బాపు పనిచేసే కార్ఖానా సేఠ్ కొత్త ఫ్లాటుకు మారుతూ వంటింటి సామాను మొత్తం కొత్తది కొన్నాడట. పాత మైక్రోవేవ్‌ను ఆ ఏడు దీపావళి మిఠాయి డబ్బాతో పాటు బాపుకు అంటగట్టాడు. చీరల మూటలు మోసే టెంపోలో, ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని తెచ్చాడు బాపు.

"గిదేంది? టీవీనా?" అంది అమ్మ.

"అన్నం ఉడుకుతదట."

"మంటేది మరి?"

బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. మంట ఆయనకూ కనబడలేదు.

ఆరు నెలలు అది వంటింటి గట్టు మీద ఊరికే కూర్చుంది. అమ్మ దానికొక గుడ్డ కుట్టి కప్పింది. ఆ గుడ్డకు అంచుగా జరీ లేసు. మా ఇంట్లో అన్నిటికీ లేసే. అమ్మ పని అదే కాబట్టి. పర్వత్ పాటియా వైపు మార్కెట్ల నుంచి చీరల కట్టలు వచ్చేవి, వాటికి అంచున జరీ లేసు వేసి కుట్టి తిరిగి పంపేది. ముక్కలు మిగిలేవి. దిండ్లకు లేసు, తలుపు తెరకు లేసు, నా స్కూలు సంచికి కూడా లేసు. నేల ఎంత ఊడ్చినా మెరుపులు పోయేవి కావు. అన్నం ముద్దలో ఒక మెరుపు కనబడితే తీసి పక్కన పెట్టి తినేవాళ్లం, రాయి వచ్చినట్టే.

కేకు మాకు నేర్పింది పక్కింటి గుజరాతీ బెన్. ఆమె కొడుకు పుట్టినరోజు వచ్చింది. ఆమె ఇంట్లో గుడ్డు తగలకూడదు, బజారు కేకు మీద ఆమెకు నమ్మకం లేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు మైక్రోవేవ్‌లో కేకు చేసేదట, అత్తగారింట్లో ఆ పెట్టె లేదు. మా దగ్గర యంత్రం ఉంది, ఆమె దగ్గర విద్య ఉంది. "అండా నహీ, దహీ చలేగా" అంటూ వచ్చేసింది. మైదా, చక్కెర, పెరుగు, నూనె, చిటికెడు వంటసోడా. అన్నీ గాజు గిన్నెలో కలిపింది. ఇనుము, స్టీలు, జర్మన్ సిల్వర్, ఏ లోహమూ లోపల పెట్టకూడదని ముందే చెప్పింది. అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని బడిపిల్లలా నిలబడి విన్నది. ఆరు నిమిషాల్లో కేకు వచ్చింది. మంట లేకుండా ఉడికిన ఆ ముద్దను అమ్మ వేలితో తాకి చూసి, "గమ్మతు" అంది.

మర్నాడు అమ్మ సొంతంగా చేసింది. పైన తడిగా కనబడితే ఇంకా ఉడకలేదనుకుని మరో ఆరు నిమిషాలు తిప్పింది. రాయి అయింది. బాపు దాన్ని చేతిలో పట్టుకుని తూచినట్టు చూసి, "గోడకు మొల కొట్టుకోవచ్చు" అన్నాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు మళ్లీ చేసింది.

అలా చేసి చేసి దాని మర్మం పట్టుకుంది. పైన ఇంకా పచ్చిగా ఉందనిపించినప్పుడే తీసెయ్యాలి. పళ్లెం మూసి పక్కన పెట్టాలి. లోపలి వేడికి అదే ఉడుకుతుంది. "గా పది నిమిషాలు ఆగవడితె కేకు, ఆగకపోతె బండ" అనేది నాతో. నాకు ఆగడం ఎప్పుడూ చేతకాలేదు. మూత తీసి చూసేదాన్ని. చేతి మీద ఒకటి వేసేది.

మైక్రోవేవ్ కేకుకు రంగు రాదు. ఓవెన్‌లో చేసినదైతే ఎర్రగా కాలుతుందట, ఇది తెల్లగా పాలిపోయి జ్వరం నుంచి లేచినట్టు ఉంటుంది. అమ్మకు అది నచ్చలేదు. అందుకని కేకు చల్లారాక పళ్లెంలోకి బోర్లించి, దాని నడుముకు రెండు వేళ్ల వెడల్పు జరీ లేసు చుట్టి గుండుసూదితో గుచ్చేది. పాలిపోయిన ముఖం మీద చూపు పోకుండా అందరి చూపూ ఆ మెరుపు మీదికి పోయేది. గుండుసూది తీశాకే కోయనిచ్చేది. మా సందులో లేసు లేని కేకును కేకుగా ఎవరూ లెక్కపెట్టని రోజులు వచ్చాయి. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, ఒడియావాళ్లు, ఎవరింట్లో పిల్లల పుట్టినరోజైనా గాజు గిన్నె మా ఇంట్లోనే తిరిగేది.

ఇన్ని చేసి అమ్మ మాత్రం తినేది కాదు. గిన్నెకు అంటుకున్నది చెంచాతో గీరి నోట్లో వేసుకునేది, అంతే. ఒక ఆదివారం అందరం డుమస్ పోయాం. నా పుట్టినరోజని అమ్మ స్టీలు డబ్బాలో కేకు పెట్టుకొచ్చింది. సముద్రం గాలికి అందులో నల్ల ఇసుక పడింది. అయినా నేనూ బాపూ కరకరా నమిలాం. అమ్మ మాత్రం బండి దగ్గర టమాటా బజ్జీలు కొనిపించుకుని తిన్నది. "నువ్వెందుకు తినవు?" అని అడిగితే, "పుట్టిన దినం ఉన్నోళ్లు తింటరు" అంది.

అమ్మకు పుట్టినరోజు లేదు. ఎప్పుడు పుట్టిందో ఆమెకు తెలియదు, చెప్పేవాళ్లు లేరు. ఆధార్ కార్డు రాయించుకోవడానికి వెళ్తే అక్కడున్నాయన అంచనాగా ఒక సంవత్సరం వేసి, జనవరి ఒకటి అని రాశాడు. బాపుకూ అదే, ఎదురింటామెకూ అదే. మా సందులో పెద్దవాళ్లు సగం మంది జనవరి ఒకటిన పుట్టారు. ఆ సంగతి తలచుకుని ఎన్నోసార్లు నవ్వుకున్నాం.

ఇప్పుడు బాపు చెవుల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తక్కినది అర్థం కాదు.

సాంచాల షెడ్డులో మనిషి గొంతు పనికిరాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు గొంతు లేకుండానే మాట్లాడుకుంటారు. పెదవులు కదుపుతారు, అవతలివాడు చదువుకుంటాడు. పోగు తెగిందని, చాయ్ వచ్చిందని, సేఠ్ వస్తున్నాడని, అన్నీ పెదవుల మీదే. చిన్నప్పుడు బాపు టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. అంత మోతలో ఇరవై మంది నిశ్శబ్దంగా కబుర్లు చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. నాకు భయమేసింది.

చెవులు పూర్తిగా పోయాక బాపుకు ఇంట్లో కూడా అదే భాష అయింది. అమ్మ నేర్చుకుంది, నేను సరిగా నేర్చుకోలేదు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి నిదానంగా పెదవులు కదపాలి, నాకు అంత ఓపిక ఎక్కడిది? అమ్మకు ఉండేది. మా ఇంట్లో గొప్ప వస్తువంటే నిలువుటద్దం బిగించిన ఇనప బీరువా. ట్యూబులైటు వెలుగు అద్దం మీద పడి ఒళ్లోకి వస్తుందని అమ్మ దానికి ఎదురుగా నేల మీద కూర్చుని లేసు కుట్టేది. బాపు ఆమె వెనక మంచం మీద కూర్చునేవాడు. ఆమె సూది ఆపి, అద్దంలోకి చూసి పెదవులు కదిపేది. ఆయన అద్దంలోనే చదువుకుని జవాబిచ్చేవాడు. ఊరి ముచ్చట్లు, అలకలు, నా మీద చాడీలు, అన్నీ ఆ అద్దంలోనే నడిచేవి. నేను పక్కనే పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని, వాళ్లు ఏం చెప్పుకుంటున్నారో సగం తెలిసేది కాదు.

బాపు మీద కోపం వస్తే నేను అటు తిరిగి గొణిగేదాన్ని. ఆ ఉపాయం అమ్మే చెప్పింది. "జర మొకం తిప్పుకొని తిట్టుకో. మీ బాపు పెదువులు సదువుతడు." వీపు ఆయనవైపు పెట్టి ఎన్నేసి తిట్లు తిట్టుకున్నానో లెక్కలేదు. అమ్మ వినేది, కళ్లెర్రజేసేది, మళ్లీ ఆమెకే నవ్వొచ్చేది.

నాలుగేళ్ల కింద అమ్మకు కడుపులో గడ్డ అన్నారు. కోశారు, మందులెక్కించారు, జుట్టు రాలింది. ఏడాది తిరిగాక, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోయి ఆమె అడిగింది పెట్టండి అన్నారు. ఆమె ఏం అడుగుతుంది? జన్మలో ఏదీ అడిగిన మనిషి కాదు. డిసెంబరు నెలలో గొంతు కూడా పోయింది, గుసగుస తప్ప మాట రాలేదు. ఇంకేముంది, బాపుకూ ఆమెకూ అద్దం కూడా అక్కర్లేకపోయింది. ఆయన మంచం అంచున కూర్చుని ఆమె పెదవులనే చూస్తూ ఉండేవాడు. నేను ముఖం దగ్గర చెవి పెట్టి విన్నా అందని మాటలు ఆయనకు రెండు మూరల దూరం నుంచి అందేవి. నాకు ఒళ్లు మండేది. కుళ్లు అనండి, అది కుళ్లే. అమ్మ మాట నాకు అందకుండా ఆయనకు అందడం నేను సహించలేకపోయాను.

ఒక మధ్యాహ్నం బాపు నాతో అన్నాడు. "మీ అమ్మ అంటున్నది, ఇందరికి చేసిన, నా పేరు మీద ఒక్క కేకు కొయ్యలే అని."

నేను అమ్మవైపు చూశాను. ఆమె సిగ్గుపడింది. ఆ ముఖంలో సిగ్గు ఎక్కడ మిగిలి ఉందో తెలియదు, కానీ సిగ్గుపడింది. జనవరి ఒకటి ఇంకా ఐదు రోజులుంది. కార్డు మీది పుట్టినరోజే పుట్టినరోజు, ఆ రోజు నేనే చేస్తాను, మధ్యాహ్నానికల్లా బడి నుంచి వచ్చేస్తాను అని మాటిచ్చాను. ఐదు రోజులు ఆమె ఆ కేకు కోసమే ఉన్నట్టు ఉంది. గ్లూకోజు నీళ్లు కూడా నిలవని మనిషి పొద్దున లేవగానే బాపును తారీఖు అడిగేది.

జనవరి ఒకటిన బడిలో మీటింగు పెట్టారు. అమ్మ సంగతి అందరికీ తెలుసు, అడిగితే వెళ్లమనేవారు. నేను అడగలేదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపినట్టు నిలబడడం నాకు చేతకాదు. పనికిమాలిన పౌరుషం. మూడింటికి ఇల్లు చేరాను. మధ్యాహ్నమన్న మాట అప్పటికే దాటిపోయింది.

మెట్ల దగ్గరే వాసన తగిలింది. ప్లాస్టిక్ కాలిన వాసన. లోపలికి పరుగెత్తాను. వంటింటి గట్టు మీద మైక్రోవేవ్ తిరుగుతోంది. లోపల నీలం మెరుపులు పటపటా కొడుతున్నాయి, పొగ. బాపు దానికి వీపు పెట్టి అమ్మ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆ చప్పుడు ఆయనకు వినబడడం లేదు. అమ్మకు వినబడుతోంది. ఆమె వేలెత్తి వంటింటివైపు చూపిస్తోంది, ఆ వేలు దుప్పటి మీద నుంచి రెండంగుళాలు కూడా లేవడం లేదు. కేకు అయిందా అని అడుగుతోందనుకుని ఆయన "అయితది, అయితది, ఇంకొంచెం సేపు" అని తలూపుతున్నాడు.

నేను ప్లగ్గు పీకేశాను.

గాజు గిన్నె చుట్టూ జరీ లేసు. నాలుగు వరసలు, గట్టిగా ముడివేసి. కాలి, ముడుచుకుని, గిన్నెకు కరుచుకుపోయింది. అమ్మ చివరిసారి కుట్టలేక ఆపేసిన కట్టలోని లేసు అది. పిండి పైన మసి పడింది. ఒక పక్క పచ్చి, ఒక పక్క రాయి.

తరవాత తెలిసింది ఏం జరిగిందో. మధ్యాహ్నం నుంచి అమ్మ గుమ్మంవైపే చూస్తూ ఉందట. నేను రాలేదు. రెండింటికి కళ్లు తేలేసినట్టు చేసిందట. బాపు భయపడ్డాడు. నేను వచ్చేదాకా ఆమె ఆగుతుందో లేదో అనుకున్నాడు. నలభై ఏళ్లలో చాయ్ కూడా పెట్టుకోని మనిషి గాజు గిన్నె తీసుకుని ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె పెదవులతో చెప్పింది, ఆయన వేశాడు. రెండు కప్పుల మైదా, కప్పు పెరుగు, సోడా ఇంత. ఆమె అలసి కాసేపు కళ్లు మూసుకున్నాక అలంకారం సంగతి ఆయనకు గుర్తొచ్చింది. అమ్మ కేకులన్నీ ఆయన సాయంత్రం ఇంటికి వచ్చాకే చూసినవి, అన్నిటికీ లేసు ఉండేది. అది ఎప్పుడు కట్టాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. స్టీలు పెట్టకూడదని తెలుసు, అందుకే గుండుసూది కూడా వాడకుండా ముడి వేశాడు. జరీ ఆయనకు పోగు. జన్మంతా చేతుల్లో ఆడిన పోగు. అందులో లోహం పూత ఉంటుందని, మైక్రోవేవ్‌కు స్టీలూ జరీ ఒకటేనని ఆయనకెలా తెలుస్తుంది? "అన్నీ ఆమెనే చెప్పింది. లేసు ఒక్కటే నా తెలివి" అన్నాడు తరవాత.

కానీ ఇదంతా అప్పుడు నాకు తెలియదు. నాకు కనబడింది కాలిన గిన్నె, వంటింటి నిండా పొగ, మంచం మీద అమ్మ. బాపు లేచి వచ్చి గిన్నె చూశాడు. తరవాత ఒక చెంచా తీసుకుని మసి పక్కకు తోసి నడిమధ్యన తవ్వాడు. నిమ్మకాయంత మేర బాగానే ఉడికిన ముక్క దొరికింది. దాన్ని చెంచాలో పెట్టుకుని అమ్మ దగ్గరికి నడిచాడు.

ప్లాస్టిక్ పొగ పట్టిన ముక్కను చావు బతుకుల్లో ఉన్న మనిషి నోట్లో పెడతాడా? అమ్మ నోరు తుడవడానికి తువ్వాలు తీయాలని బీరువావైపు తిరిగాను. వీపు ఆయనవైపు ఉంది. అలవాటైన ధైర్యం. గొణిగాను.

"గీ రోగమేదో అమ్మకు గాకుండ గీ మనిషికి వచ్చినా బాగుండు."

అమ్మకు వినబడుతుందన్న సంగతి కోపంలో మరిచాను. తువ్వాలు తీసుకుని ఇటు తిరిగేసరికి అమ్మ నన్నే చూస్తోంది. బాపు చేతిలో చెంచా గాల్లో ఆగి ఉంది. వయసు మీద పడిన చెయ్యి, అలసిందేమో అనుకున్నాను. అమ్మ మళ్లీ వేలు లేపింది. బీరువావైపు చూపించింది. అద్దం. ఒకసారి కాదు, రెండుసార్లు చూపించింది.

పుట్టినరోజు కదా, ముఖం చూసుకోవాలని ఉందనుకున్నాను. చేతి అద్దం తెచ్చి ముందు పెట్టాను. నుదుట బొట్టు దిద్దాను. ఆమె తల అటూ ఇటూ ఆడించింది. అలసిపోయిందనుకున్నాను.

బాపు చెంచా ఆమె పెదవుల దగ్గర పెట్టాడు. ఆమె నోట్లోకి తీసుకుంది. మింగలేదు, మింగే శక్తి లేదు, నాలుక మీద ఉంచుకుంది. కాసేపటికి సగం పెదవి మూల నుంచి జారింది, ఆయన వేలితో తుడిచాడు. అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. చాలాసేపు కదిలాయి. బాపు తలూపాడు, కళ్లు తుడుచుకున్నాడు. బాగుంది, తియ్యగుంది అని ఉంటుందనుకున్నాను. తన పేరు మీద కేకు తిన్నది కదా, అదే చెప్పి ఉంటుందనుకున్నాను.

ఆ రాత్రి నుంచి ఆమె పెదవులు మళ్లీ కదలలేదు. వారానికి పోయింది.

మూడేళ్లు నేనూ బాపూ ఒకే ఇంట్లో మర్యాదగా బతికాం. మర్యాదే, ఇంకేమీ కాదు. ఆయన కార్ఖానా మానేశాడు. వేళకు అన్నం పెట్టాను, చెప్పులు తెగితే కొత్తవి తెచ్చాను, కళ్లద్దాలు మార్పించాను. అన్న మాటకు పరిహారం చెల్లించుకుంటున్నానని నాకు తెలుసు. ఆయనకు తెలియదనుకున్నాను. వినబడలేదు, వీపు పెట్టే కదా అన్నాను అని రోజూ నాకు నేనే చెప్పుకునేదాన్ని. మైక్రోవేవ్ మాత్రం ఆయన తీయనివ్వలేదు. ఉల్లిగడ్డలు తెచ్చి అందులో పోశాడు. "గాలాడుతది" అన్నాడు. ఏ గాలీ ఆడదు.

ఈ జనవరి ఒకటిన మా బడిలో ఎవరో కేకు తెస్తామన్నారు. పొద్దున తయారవుతూ బీరువా ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాను. బాపు వెనక మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు పొట్టు తీస్తున్నాడు, ఆ పొట్టంతా దుప్పటి మీద. ఎన్నిసార్లు చెప్పాలి, కింద పళ్లెం పెట్టుకోమని? దువ్వెన ఆపి గొణిగాను. "గీ ముసలాయనకు ఎంత చెప్పినా ఎక్కదు."

"ఎక్కుతది బిడ్డా" అన్నాడు వెనక నుంచి. "అద్దమున్నది గద."

తలెత్తాను. అద్దంలో ఆయన కళ్లు సరిగ్గా నా పెదవుల మీదే ఉన్నాయి. నవ్వుతున్నాడు.

దువ్వెన కింద పడింది. ఇరవై ఏళ్లు ఇదే అద్దంలో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం పక్కన కూర్చుని చూసినదాన్ని. ఎలా మరిచాను? అమ్మ వేలు గుర్తొచ్చింది. రెండంగుళాలు లేచిన వేలు. ముఖం చూసుకోవాలని కాదు. మీ బాపు చూస్తున్నాడే, నీ పెదవులు అద్దంలో కనబడుతున్నాయే అని. నేనేమో బొట్టు పెట్టాను.

ఆయనవైపు తిరిగాను. "గా దినం..." అన్నాను.

నవ్వు ఆగింది ఆయన ముఖంలో. ఉల్లిగడ్డ దుప్పటి మీద పెట్టాడు.

"గా దినం గూడ చూసిన" అన్నాడు. "అండ్ల తప్పేమున్నది బిడ్డా? నేను గూడ గదే మొక్కిన. దవఖాన్ల మొక్కిన, గుళ్లె మొక్కిన. నాకియ్యి, దాన్ని ఇడిశిపెట్టు అని. ఇనలే. గాయినకు గూడ చెవులు పోయినట్టున్నయ్."

ఆయన మళ్లీ నవ్వబోయాడు, రాలేదు. నేను నేల మీద, అమ్మ లేసు కుట్టే చోటే కూలబడ్డాను. ఒక్కటే ఆశ మిగిలింది నాకు. అది అడిగాను. నిదానంగా, పెదవులు స్పష్టంగా కదుపుతూ, జన్మలో మొదటిసారి ఆయనకు కావలసినంత ఓపికతో అడిగాను.

"కేకు నోట్లె వెట్టినంక అమ్మ ఏమో అన్నది గద. బాగున్నదనే గద అన్నది?"

బాపు తల అడ్డంగా ఊపాడు.

"కేకు ముచ్చట యాడిది? 'పిల్ల కోపంల అన్నది, మనసుల వెట్టుకోకు. నేను పోతె దానికి నువ్వు, నీకు అది, ఇంకెవలున్నరు' అన్నది. గంతే అన్నది."

ఇన్నేళ్లూ మా సందులో అందరి పుట్టినరోజులకూ కేకులు చేసి, తన పేరు మీద ఒక్క కేకు అడిగి, అది నాలుక మీద ఉండగా అమ్మ ఆఖరి మాటలు నా కోసం ఖర్చు పెట్టింది. నేను వేళకు రాలేదు. వచ్చి ఆ మాట అన్నాను. ఏడ్చాను. బాపుకు నా ఏడుపు వినబడదు, భుజాలు చూసి తెలుసుకుని ఉంటాడు. మంచం దిగి వచ్చి, మోకాళ్లు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

తప్పయింది బాపు అనబోయాను. గొంతు రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఇనవడ్డది బిడ్డా" అన్నాడు బాపు.